చలికాలమున ఒక చిన్న చేను

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల నల్లరేగడిలో సేద్యము చేయువారికి సంవత్సరపు లెక్క ఉగాదినాడు కాక సంక్రాంతినాడే తేలును. మార్గశిరము మొదలు మాఘము వరకు ప్రత్తి తీత, కంది కోత, మిరప మొదటి కోత, శనగ పీకుడు ఒకదాని వెంట నొకటి వచ్చి ఇంటిల్లిపాదికిని కన్ను మూయనీయవు. రసాయనిక ఎరువులను, పురుగుమందులను మానివేసి కొలదిపాటి చేనిని నమ్ముకొన్న కుటుంబము ఈ మూడు మాసములు ఎట్లు గడుపునో వ్రాయుమని మన సంఘ సభ్యులు పలువురు అడుగుచున్నందున మా యింటి యనుభవమునే యిచట విన్నవించుకొనుచున్నాను. మా తప్పులను దాచను.

మా భూమి మూడెకరముల ముప్పది సెంట్లు. అందొక యెకరము మిరప, ఒక యెకరము ప్రత్తి, ప్రత్తి సాళ్ల నడుమ కంది, తక్కినదానిలో పెసర తీసిన పిమ్మట శనగయో జొన్నయో వేయుదుము. మిరపచేని చుట్టును రెండు మూడు సాళ్లు జొన్న. లోపల అక్కడక్కడ బంతియు, ఆముదమును. ఒక ఆవు, దాని పెయ్య, ఒక గేదె కలవు. ఎద్దులు లేవు. ఒంగోలు జాతికి పుట్టినిల్లగు సీమలో పుట్టి, అరకకు బదులు ట్రాక్టరును పిలుచుకొనవలసివచ్చుట నాకు సిగ్గుగనే యున్నది. 2019 తొలకరి నుండి ఈ పద్ధతిని సేద్యము చేయుచున్నాము.

చలికాలపు పనులలో మొదటిది ప్రత్తి తీత. మంచు ఆరకమునుపు చేనిలోనికి దిగరాదు. ఈ మాట అందరు నెరిగినదే గాని ఆచరణలో కష్టము. కూలికి వచ్చు స్త్రీలు తెల్లవారకమునుపే వంట ముగించుకొని వత్తురు. ప్రొద్దెక్కు వరకు గట్టుమీద కూర్చుండుమనుట వారికి నష్టము. పైగా కిలోల లెక్కన కూలి యిచ్చునప్పుడు తడిప్రత్తి ఎక్కువ తూగును. మేము ఆ వేళలో వారిచేత కందికాయ కోయించుటయో, మిరపలో కలుపు తీయించుటయో చేసి, దానికి వేరుగ కూలి కట్టి, మంచు ఆరినపిమ్మట ప్రత్తిలోనికి పంపుచున్నాము. కాటన్ కార్పొరేషన్‌వారు కొనునప్పుడు తేమ నూటికి 8 పాళ్లుండిన పూర్తి ధర యిత్తురు. 12 వరకు ధర తగ్గించి తీసికొందురు. అంతకు మించినచో బండి త్రిప్పి పంపుదురు. ఉదయమున కూలీలకు రెండు గంటల పని వేరుగ చూపుట దీనికంటె చౌక.

తీసిన ప్రత్తిని ఎరువుల సంచులలో క్రుక్కరాదు. ప్లాస్టిక్ పోగు ఒకటి దూదిలో చేరినచో మిల్లులో నూలుతో కలిసిపోయి వస్త్రమున మచ్చగ తేలును. పాత నూలు చీరలతో కుట్టిన ఒడిసంచులే మేలు. పురుగు తొలిచిన కాయలలోని పసుపు ప్రత్తిని మరియొక సంచిలో వేయవలెను. రెండును కలిపినచో మంచిదానికిని చెడ్డదాని ధరయే కట్టుదురు.

ప్రత్తి విషయమున మాకు కలిగిన పెద్ద చిక్కు విత్తనము. 2002లో బి.టి. ప్రత్తి మన దేశమున అనుమతింపబడిన పిమ్మట కొన్ని యేండ్లలోనే అంగళ్లలో తక్కిన రకములు కానరాకపోయినవి. సేంద్రియ ధ్రువపత్రము కావలెనన్నచో బి.టి. విత్తనము పనికిరాదు. మన తాతలనాడు ఈ సీమలో ఎఱ్ఱఛాయ గల దేశవాళీ ప్రత్తి పండెడిది. వర్తకులు దానిని రేవు పేరున కోకనాడ ప్రత్తి యనెడివారు. ఆ గింజ నేడు ఎవ్వరి గాదెలోను లేదు. మేము బి.టి. కాని రకమును వెదకి తెచ్చి, ప్రతి చలికాలమునను మొదటి రెండు తీతలలోని మంచి కాయలనుండి గింజ తీసి దాచుకొనుచున్నాము.

గులాబి రంగు కాయతొలుచు పురుగు మరియొక చిక్కు. బి.టి. విత్తనము వేసినవారికిని అది తప్పలేదు. ఆ పురుగు దానికి అలవాటుపడినదని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. చలి ముదిరినకొలది అది కాయలోనే నిద్రపోయి మరుసటి పైరునకు కాచుకొనును. కావున సంక్రాంతి సమీపించుసరికి ప్రత్తిని తుదముట్టించి, మోళ్లను పీకివేయవలెను. మా యింట దీనిపై ప్రతి సంవత్సరము తగవు జరుగును. ఇంటావిడకు ప్రత్తికట్టె పొయ్యిలోనికి కావలెను. కట్టెను దొడ్డిలో పేర్చినచో ఎండిన కాయలలోని పురుగు అక్కడనే బ్రదుకును. చివరకు కాయలన్నియు దులిపి కాల్చినపిమ్మట కట్టెను మాత్రము ఇంటికి తెచ్చుకొనుటకు రాజీపడితిమి.

పురుగుమందులను మానుటకు మాకు ఎవ్వరును ఉపన్యాసము చెప్పలేదు. 1987-88 సంవత్సరముల సంగతి పెద్దలకు జ్ఞాపకమున్నది. నాడు తెల్లదోమయు, శనగపచ్చ పురుగును మన రెండు జిల్లాల ప్రత్తిని తినివేసినవి. క్రొత్తగ వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడు మందులను వారమునకు రెండుమారులు కొట్టినకొలది తెల్లదోమ హెచ్చెనే గాని తగ్గలేదు. అప్పుల పాలైన రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. ఇటువంటి చావుల వార్త పత్రికలలో దేశమంతటను చదువబడుట అదియే మొదలు. ఇందుకు భిన్నముగ, నాడు ఖమ్మం జిల్లాలో నుండిన పునుకుల గ్రామస్థులు ప్రత్తి, మిరప పండించుచునే 2000 తరువాతి యేండ్లలో పురుగుమందులను ఊరుమ్మడిగ మానివేసిరి. ఆ ఊరి కథ వినిన తరువాతనే మాకును ధైర్యము కలిగినది.

ధైర్యమునకు పరీక్ష 2021 చలికాలమున వచ్చెను. కార్తికమాసాంతమున మిరపపూలలో సన్నని నల్లని పురుగులు కనబడినవి. మనమెరిగిన తామరపురుగు ఆకుల నాశ్రయించి రసము పీల్చును. అందుచే ఆకు పైకి ముడుచుకొనును. దానినే పైముడత యందుము. ఈ క్రొత్త జాతి తామరపురుగు పూవులోననే కాపురముండి గీకి పీల్చును. పూత మాడి రాలును, పిందె దిగదు. ఇది మన దేశమున 2015లో బెంగుళూరునందు బొప్పాయిపై మొదట కనుగొనబడినదని పిమ్మట తెలిసినది.

మా కోడలు ప్రతి ఉదయము చేనికి పోయి పది చెట్ల పూవులను తెల్లకాగితముపై దులిపి పురుగులను లెక్కించెడిది. ఆ లెక్క దినదినము పెరుగుచుండెను. నీలిరంగు జిగురు అట్టలు కట్టితిమి. 5 కిలోల వేపగింజల పప్పు దంచి, ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీటిలో కలిపి సాయంవేళ కొట్టితిమి. పురుగు తగ్గినట్లే తగ్గి నాలుగవ నాటికి మరల వచ్చెను.

ఒకనాడు మా పెద్దవాడు బజారునుండి రెండు సీసాల మందు తెచ్చి వసారాలో నుంచెను. “నాన్నగారూ, చేను పోయిన తరువాత నియమము మిగిలి ఏమి లాభము?” అని అడిగెను. నాయొద్ద సమాధానము లేదు. అతని తల్లి మాత్రము, “ఇప్పటికే కొట్టినవాళ్ల చేలు చూచి రారా. తరువాత మూత తీయుదువు గాని” అనెను. అతడు రెండుదినములు చుట్టుప్రక్కల చేలన్నియు తిరిగి వచ్చెను. మూడేసి, నాలుగేసి మందులు కలిపి వారమునకు రెండుమారులు కొట్టిన చేలలోను పూవులు నల్లగనే యున్నవి. కొందరు అప్పటికే విసిగి పైరు దున్నివేయుచుండిరి. సీసాల మూత తీయలేదు. కొట్టువాడు తిరిగి పుచ్చుకొనకపోవుటచే వానిని పొరుగువారెవరికో యిచ్చితిమి. దానిని మా తప్పులలో చేర్చుకొనవచ్చును.

ఆ యేడు మేము గెలిచితిమని చెప్పను. మామూలు పంటలో మూడవవంతు కూడ ఇంటికి రాలేదు. మా రెండవవాడు వేసవి యంతయు శీతల గిడ్డంగిలో సంచులు మోయుటకు పోయెను. మందు కొట్టినవారి పంటయు పోయెను. వారికి పంటతోబాటు మందుల అంగడి బాకీ కూడ మిగిలెను. మాకు బాకీ లేదు. కందియు, జొన్నయు, పాలును ఇల్లు గడిపినవి. ఒక యెకరము మిరపకు మించి వేయరాదని ఆ యేడే నిశ్చయించుకొంటిమి. పొలమంతయు మిరపయే వేసియుండిన, మందు మానినను మానకున్నను మా గతి ఒక్కటియే అయ్యెడిది.

ఇక ఎరువు సంగతి. రైతు సాధికార సంస్థవారు 2016 నుండి మన రాష్ట్రమున ప్రకృతి వ్యవసాయమును ప్రచారము చేయుచున్నారు. ఆ పనికి 2024లో పోర్చుగల్ దేశమునందలి గుల్బెంకియన్ సంస్థవారి మానవతా పురస్కారము మరి యిద్దరితోబాటు లభించినది. వారు నేర్పిన జీవామృతమును మేమును చేయుచున్నాము. ఎకరమునకు 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గట్టుమీది మన్ను ఒక గుప్పెడు, 200 లీటర్ల నీరు. ఎండకాలమున రెండు దినములలో పులియు ఈ ద్రవము పుష్యమాసపు చలిలో నాలుగైదు దినములు పట్టును. తొట్టిని గోనెపట్టాతో కప్పి, నీడయందుంచి, ఉదయసాయంకాలములు కఱ్ఱతో కలియబెట్టవలెను. తొందరపడి మొదటి దినముననే పోసి, పని చేయలేదని నిందించుట కలదు.

అయితే ఒక ఆవుతో ముప్పది యెకరములు సేద్యము చేయవచ్చునను మాటను నేను నమ్మజాలను. పెసర, జొన్నలకు చాలునేమో. మిరప తిండిపోతు పైరు. దానికి కాలువ నీరును, జీవామృతమును చాలవు. చెరువుమట్టి తోలుకొనుట, జనుము చల్లి దున్నుట, గొఱ్ఱెలమందను కట్టించుట అను మన పెద్దల పద్ధతులు లేక మా యెకరము మిరప కాయదు. ఇది మా చేని మాట. మీ చేనిలో వేరుగ నుండవచ్చును.

మిరప మొదటి కోత సంక్రాంతికి కొంచెము ముందువెనుకలుగ వచ్చును. కోసిన కాయను వెంటనే ఎండబెట్టక నీడలో రెండుదినములు కుప్పపోసిన, దోరకాయ కూడ పండి రంగు ఏకముగ వచ్చును. తరువాత కళ్లములో టార్పాలిను పట్టలపై పలుచగ నేర్పి, దినమునకు రెండుమారులు త్రిప్పి, ప్రొద్దుగ్రుంకకమునుపే కుప్పచేసి కప్పవలెను. ఒక్క రాత్రి మంచులో వదలినచో తెల్లవారుసరికి కాయ మెత్తబడి, దాని మెరుపు తిరిగి రాదు. ఇట్లు పది పదునైదు దినములు. చేత పట్టి ఊపిన గింజ గలగలమనవలెను. నూరు కిలోల పండుకాయ ఎండి 25 మొదలు 35 కిలోలగును. తేమ నూటికి 10, 11 పాళ్లు మిగులవలెను. తాలుకాయ, మచ్చకాయలను ఏరుట ఇంటి స్త్రీల పని. ముసలివారమును చేయి వేయుచున్నాము.

ఇచట ఒక చెడు వాడుకను గూర్చి చెప్పక తప్పదు. సంచి కట్టునప్పుడు కాయ విరుగకుండుటకును, తూకమునకును నీరు చల్లువారు కలరు. చెమ్మపట్టిన కాయలో బూజు చేరి అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. ఐరోపా దేశములవారు కిలో మిరపలో ఈ విషము 10 మైక్రోగ్రాములకు మించినచో సరుకునే త్రిప్పి పంపుదురు. పురుగుమందు కొట్టని కాయయైనను నీరు చల్లినచో విషమే. కటిక నేలమీద ఎండబెట్టినను ఇంచుమించు అంతియే. మొదటి యేడు మేమును పట్టలు కొనుటకు వెనుదీసి నేలమీదనే ఎండబోసితిమి. మచ్చకాయ ఎంత వచ్చెనో చెప్పుటకు సిగ్గగుచున్నది.

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినపుడు మిరప ఇంకను పచ్చికాయ మీద నుండెను. రేగడిలో నీరు ఒక్క దినము నిలిచినను మిరప వేరు కుళ్లి చెట్టు వాడును. ఆ రాత్రి టార్చిలైట్లు పట్టుకొని ఇంటివారమందరము గట్లు తెగగొట్టి నీరు వాగులోనికి మళ్లించితిమి. క్రింది చేనివారు మొదట వాదులాడి, తరువాత తామే పార తెచ్చి వారి గట్టును తెగగొట్టిరి. పల్లపు మూల చెట్లన్నియు వాడిపోయినవి. కంది పూత రాలి, మరల పూసి, కోత వెనుకపడినది. సేంద్రియ సేద్యము చేసిన నేల తుపానునకు తట్టుకొనునని కొందరు చెప్పుదురు. మా నేల పొరుగు చేనికంటె ఒక దినము ముందుగ ఆరిన మాట నిజము. వాడిన చెట్టు మాత్రము వాడినదే.

కష్టములే వ్రాసితినని అనుకొందురేమో. చలికాలపు భోజనమును మరచినచో పాపము. ధనుర్మాసమున పచ్చి కందికాయలను ఉప్పువేసి ఉడికించి పొయ్యిచుట్టును కూర్చుండి ఒలుచుకొని తినుట. కొమ్మలు సాగుటకై శనగ తలలు త్రుంచి ఆ చివుళ్లతో కూర. తెల్లవారుజామున శనగచేనిపై గుడ్డ పరచి, మంచుతో దిగిన పులుపును పిండి సీసాలో పట్టి కడుపునొప్పికి దాచుట. మొదటి కోతలో కండగల పండుకాయలను ఏరి, ఉప్పు, చింతపండు చేర్చి కొరివికారము దంచుట. మందు కొట్టని చేనిలో పిల్లలను వదలి, చేతికందిన కాయ నోట పెట్టుకొనుచున్నను వద్దనవలసిన పని లేకపోవుట ఎంత నిశ్చింతయో తల్లులకు తెలియును. కనుమనాడు ఆవునకు పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడిపూవు గుచ్చిన గొబ్బెమ్మలను పిడకలు చేయుదుము. ఆ దినమున దాని పంచితమును పట్టుట మాని సెలవిత్తుము. ఇది మా యింటావిడ పెట్టిన నియమము; శాస్త్రము కాదు.

కందులను పురుగు పుచ్చకుండ నాలుగుదినములు మంచి యెండలో పోసి, ఎఱ్ఱమన్ను పట్టించి ఆరబెట్టి, వేపాకు చేర్చి గాదెలో పోయుచున్నాము. శనగను మంచు పదునున పీకవలెను. ప్రొద్దెక్కిన కాయ రాలును.

అమ్మకము ఈ సేద్యమునకు అసలు చిక్కు. ఆసియాలోకెల్ల పెద్దదని పేరొందిన గుంటూరు మిర్చి యార్డులో కాయ రంగు, పొడవు, ఘాటు చూతురు గాని దానిపై ఏమి కొట్టలేదో చూడరు. గుంటూరు సన్నమునకు భౌగోళిక గుర్తింపు లభించినను, మా కాయను మా పేరున ఎవ్వరును కొనరు. మేము పట్టలపై ఎండబెట్టి, ఏరి, తీసికొనిపోయిన సంచులను ఒక వ్యాపారి కోసి చూచి, “బాగున్నది” అని మెచ్చి, ప్రక్కవారి ధరయే కట్టి, మా యెదుటనే ఆ రాశిలో కలిపివేసెను. ధర హెచ్చినపుడు ఈ బాధ తెలియలేదు. 2023లో క్వింటాలు 20,000 రూపాయలు దాటెను. 2025 ఫిబ్రవరినాటికి ఎంత పడిపోయెనన్న, కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయల ధర నిర్ణయింపవలసి వచ్చెను. పంట తక్కువగ పండించు మావంటివారికి ఆ ధర కూలికే సరిపోవును.

విడిగ అమ్ముకొనవలెనన్న ధ్రువపత్రము కావలెను. ఎగుమతికి పనికివచ్చు పత్రమునకు ఖర్చెక్కువ. ఏకవార్షిక పైరులకు రెండు సంవత్సరముల మార్పిడికాలము గడువవలెను. పి.జి.యస్. అను మరియొక పద్ధతి కలదు. అందు కనీసము అయిదుగురు రైతులు ఒక జట్టుగ చేరి, ఒకరి చేనిని మరియొకరు తనిఖీ చేసి, పరస్పరము జవాబుదారులై యుందురు, ఖర్చు స్వల్పము, దేశములోపలి అమ్మకమునకు చెల్లును. ఇది సహకారమే గాని మరేమియు కాదు. 1904 చట్టముతో మన దేశమున సహకార సంఘములు అప్పు లిచ్చుటకు పుట్టినవి. నేటికిని మన సభ్యులలో అనేకులు సంఘమనిన అప్పు, ఎరువుల బస్తా అని మాత్రమే తలంచుచున్నారు. అమ్మకము ఎవరిది వారే చేసికొనుచున్నారు.

క్రిందటి పుష్యమాసమున మేము ఏడు కుటుంబములవారము జట్టుగ కూడి ఒకరి కళ్లము నొకరు చూచుకొనుట ఆరంభించితిమి. మొదటి తనిఖీలోనే ఒకరి దొడ్డిలో మందు డబ్బా కనబడెను. అది ప్రత్తికి కాదు, గేదెల గోమారులకని వారు చెప్పిరి. ఆ సంగతి తేల్చుటకు మూడు సమావేశములు పట్టినవి. వారిని తీసివేయక, డబ్బాను వ్రాతపుస్తకములో చూపి, పశువుల కొట్టములోనే యుంచునట్లు తీర్మానించితిమి. ఈ యేడు అందరి కాయను ఒకే గిడ్డంగిలో, వేరు గుర్తుతో నుంచి, ఒక్కటిగ అమ్మవలెనని సంకల్పము. కొనువారు ఇద్దరు మాటాడుచున్నారు. ధర యింకను కుదురలేదు. పట్టలు మాత్రము సంఘము ద్వారా ఉమ్మడిగ కొంటిమి.

మాఘము చివర ప్రత్తిమోళ్లు పీకిన చేనిలో గొఱ్ఱెలమంద దిగును. కాపరులు ఎండినాకు, రాలిన కాయ మేపుకొని రాత్రులు అక్కడనే మంద కట్టుదురు. నాలుగు రాత్రులకు బేరము కుదిరినది. ధాన్యము కొంత, పైకము కొంత. మందను చేనిలో ఏ మూలనుండి మొదలుపెట్టవలెనను విషయమున నేనును, మా పెద్దవాడును ఇంకను వాదించుకొనుచున్నాము. తుపానునాడు నీరు నిలిచిన పల్లపు మూలనుండియని అతని పట్టు.